అద్దెకుండే అబ్బాయి

మాంట్రియల్,
మే 6.

అక్కా,

ఫోన్‌లో అయితే మనిద్దరం మూడో నిమిషానికే పోట్లాడుకుంటాం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పోయినసారి మధ్యలో పెట్టేసింది నువ్వో నేనో నాకే గుర్తులేదు. కాగితం మీద అయితే చివరిదాకా వింటావు.

జయ్‌ని ఈ వేసవిలో ఆరు వారాలు నీ దగ్గర ఉంచుకోవాలి. మీ కొండ మీద యూనివర్సిటీలో హైస్కూలు పిల్లలకి రోబోటిక్స్ క్యాంప్ ఉంది. అప్లై చేశాడు, సీటొచ్చింది. ఇది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం వాళ్ళ నాన్న.

రెనాల్డ్ మంచివాడని నీకు తెలుసు. పదేళ్ళప్పుడు హైతీ నుంచి వచ్చి ఈ పేటలోనే పెరిగాడు, ఇప్పుడు ఈ రోడ్ల మీదే సిటీ బస్సు నడుపుతున్నాడు. ఇక్కడ నల్లపిల్లల్ని ఎవరు ఎప్పుడు ఎలా ఆపుతారో అద్దంలోంచి రోజూ చూస్తాడు. జయ్‌కి పదహారేళ్ళు, ఆరడుగులున్నాడు, వాళ్ళ నాన్న రంగే. కాబట్టి ఇంట్లో అన్నీ రూల్సే. హుడీ టోపీ తలమీదకి లాగకూడదు, వానొచ్చినా సరే. షాపులో చేతులు జేబులో పెట్టకూడదు, చూయింగ్ గమ్ కొన్నా రసీదు చేత్తో పట్టుకునే బయటికి రావాలి. రోడ్డు మీద పరిగెత్తకూడదు. ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి. ఆదివారం చర్చి నుంచి రాగానే వంటింట్లో నిలబెట్టి ప్రాక్టీసు. ఆయన పోలీసు, వీడు వీడే. "చేతులు చూపించు. పేరు? ఎక్కడికి?" గొంతు కాస్త పెరిగిందా, మళ్ళీ మొదటినుంచి. వాడి ఎనిమిదో ఏట మొదలైంది ఇది. పక్కన నిలబడి చారు పోపు పెట్టుకుంటూ నేను ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో.

పోయిన నెల బాస్కెట్‌బాల్ ఆడుతూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. రెనాల్డ్ తలుపు దగ్గరే నిలబెట్టి అడిగాడు. "నేను నీ కొడుకునా, ఖైదీనా?" అన్నాడు వీడు. అప్పటినుంచి మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉప్పు కావాలన్నా ఇద్దరూ నన్నే అడుగుతారు.

వాడు కాస్త ఊపిరి పీల్చుకోవాలక్కా. మీ దగ్గర మన ఇల్లు, మన మనుషులు. ఆ ప్రాక్టీసులేవీ అక్కర్లేని చోట ఆరు వారాలుంటే చాలు. కాదనకు.

నీ రాధిక


బర్నబీ,
మే 16.

రాధీ,

పెట్టేసింది నువ్వే. నాకు బాగా గుర్తుంది.

జయ్‌ని పంపడానికి ఇంత పెద్ద ఉత్తరం కావాలా? మీ బావగారు అప్పుడే బేస్‌మెంట్‌లో మంచం వేయించారు. బేస్‌మెంట్‌కి పక్కనుంచి వేరే తలుపుంది, వాడి ఇష్టమొచ్చినట్టు వెళ్ళొచ్చు, రావొచ్చు. వాడు పుట్టాక వాణ్ని రెండేసార్లు చూశాను. పెద్దమ్మ అంటే ఎలా ఉంటుందో వాడికీ తెలియాలిగా.

మీ ఆయన పద్ధతి నాకు నచ్చలేదు. పిల్లాణ్ని ఇంట్లోనే దొంగలా నిలబెడితే ఎలా? ఇక్కడికొస్తే అవన్నీ మాన్పిస్తాను.

ఒక్క మాట, పెడర్థం తీయకు. జుట్టు సన్నజడలు అల్లుకున్నాడు కదా, వేసవి ఉక్కకి కాస్త కత్తిరించి పంపితే వాడికే హాయిగా ఉంటుంది.

మన అనన్యకి ఒక సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయి సాయిచరణ్, సర్రీలో ఉంటారు. తెచ్చింది మా వీధిలోని కాశీవిశ్వనాథం గారు, రిటైరైన ఇంజినీరు, ఇక్కడి మనవాళ్ళందరికీ పెద్దదిక్కు. పిల్లలిద్దరూ అప్పుడే మూడుసార్లు కాఫీకి వెళ్ళొచ్చారు. దీని మొహం చూస్తే మనసు పడిందని తెలుస్తూనే ఉంది. ఇక పెద్దవాళ్ళు వచ్చి కూర్చోవడమే మిగిలింది. నాకు ఆ కంగారులో నిద్ర పట్టడం లేదు.

అక్క


మాంట్రియల్,
జులై 9.

అక్కా,

జయ్ అక్కడికొచ్చి పదిరోజులైంది. ఫోన్ చేస్తే "ఫైన్, అమ్మా" అంటాడు. క్యాంప్? "ఫైన్." పెద్దమ్మ? "షీ ఈజ్ నైస్." ఇంతకన్నా మాటలు వాడి రోబోకే ఎక్కువ వచ్చేలా ఉన్నాయి.

నువ్వు పంపిన పిక్నిక్ ఫోటో చూశాను. పులిహోర పళ్ళేలతో సహా ముప్పై మంది ఉన్నారు, జయ్ లేడు. ఫోటో తీసింది వాడేనా?

రెనాల్డ్ వాడితో మాట్లాడడు కానీ డ్యూటీ దిగగానే నన్ను అడుగుతాడు. ఆ వీధిలో వాళ్ళకి వాడెవరో తెలుసా, మీ అక్క అందరికీ చూపించిందా అని. చూపించే ఉంటుందిలే అంటాను. "ఉంటుంది కాదు, కనుక్కో" అంటాడు. నేను విసుక్కున్నాను. అయినా అడుగుతున్నాను.

రాధిక


బర్నబీ,
జులై 17.

రాధీ,

అవును, ఫోటో తీసింది వాడే.

నువ్వు ఊరికే బెంగ పెట్టుకుంటావు. గోంగూర పప్పుతో రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మీ బావగారి లాప్‌టాప్ బాగుచేసి పెట్టాడు. అనన్యకీ వీడికీ ఇంగ్లీషులో ఒకటే కబుర్లు. జుట్టు కత్తిరించకుండానే పంపావు, సరేలే.

రూల్స్ మాత్రం పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్నాడు. కారులోంచి కూరగాయల సంచులు తీసుకురారా అంటే రసీదు ఎక్కడుందని అడిగాడు. నాకు నవ్వాగలేదు. "ఇది బర్నబీ నాన్నా, ఇక్కడ నిన్నెవరూ ఏమీ అడగరు" అన్నాను. సరే పెద్దమ్మా అన్నాడు, రసీదు మాత్రం తీసుకున్నాడు.

శనివారం సాయిచరణ్ వాళ్ళు వస్తున్నారు. పని తలకు మించి ఉంది. అది అయ్యాక తీరిగ్గా రాస్తాను.

అక్క


మాంట్రియల్,
జులై 29.

అక్కా,

తీరిగ్గా రాస్తానన్నావు. రాయలేదు.

జయ్ గురువారం ఇంటికి వచ్చేశాడు. క్యాంప్ ఇంకా రెండు వారాలుంది. అంతకుముందు ఆదివారం ఫోన్ చేసి, నాతో కాదు, వాళ్ళ నాన్నతో మాట్లాడాలన్నాడు. మూడు నెలల తర్వాత. రెనాల్డ్ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నలభై నిమిషాల తర్వాత బయటికొచ్చి వాడి టికెట్ మార్చాడు. అన్నం వద్దన్నాడు. ఏమైందంటే "వాడే చెప్తాడు" అన్నాడు. వాడొచ్చాక అడిగితే "నథింగ్, అమ్మా. నేను టైమ్ కంటే ముందు వెళ్ళాను. నాదే మిస్టేక్" అన్నాడు. ఎక్కడికి వెళ్ళావురా అంటే మాట్లాడడు.

ఇప్పుడు తండ్రీకొడుకులు ఒక జట్టు, నేను బయట. రెనాల్డ్ రోజూ బర్నబీలో ఏదో ఆఫీసుకి ఫోన్ చేసి ఏదో నంబరు చదువుతున్నాడు. ఆ ఆఫీసు పోలీసులదని ఆయన ఫోన్‌లో చూస్తే తెలిసింది.

వెంటనే నీకు చేశాను. బావగారు ఎత్తి, "మీ అక్క ఉత్తరం రాస్తుందమ్మా" అని పెట్టేశారు. ఫోన్‌లో చెప్పలేనిది ఏం జరిగింది? నా కొడుకుని ఎవరేం చేశారు? రాయి.

రాధిక


బర్నబీ,
ఆగస్టు 5.

రాధీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపాను. ఇది చింపకముందే మీ బావగారి చేత పోస్టులో వేయిస్తాను.

జయ్ వచ్చిన రెండోరోజు కాశీవిశ్వనాథం గారు వాకింగ్‌కి వెళ్తూ ఆగి, "ఎవరమ్మా ఆ కుర్రాడు?" అని అడిగారు. ఆయన మామూలుగానే అడిగారు. "బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాడండీ, స్టూడెంటు" అన్నాను. ముందు అనుకుని చెప్పింది కాదు. కానీ మర్నాడు దిద్దుకోవచ్చు, దిద్దుకోలేదు. సాయిచరణ్ వాళ్ళమ్మ మొదటి ఫోన్‌లోనే "మీ వైపు అందరూ మనవాళ్ళేనా?" అని అడిగింది. అవునన్నాను. నువ్వు రెనాల్డ్‌ని చేసుకున్నావని ఇక్కడ ఎవరికీ తెలియదు రాధీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ఎవరికీ చెప్పలేదు.

జయ్‌కి చెప్పాను. "నాన్నా, అనన్యక్క పెళ్ళి సంగతి తేలేదాకా అలాగే అనుకోనీ" అన్నాను. ఒక్క క్షణం నా వంక చూసి "ఓకే పెద్దమ్మా" అన్నాడు. పిక్నిక్‌కి తీసుకెళ్ళలేదు. ఆ ఫోటో తీసింది వాడు కాదు.

ఆ శనివారం వాణ్ని ఆరింటిదాకా లైబ్రరీలో ఉండమన్నాను. ఆరింటికల్లా ఇంట్లో ఉండాలంటాడు మీ ఆయన, ఆరింటిదాకా ఇంటికి రావద్దన్నాను నేను. నాలుగింటికి వాన పట్టుకుంది. వాడు తడుస్తూ వచ్చాడు. వచ్చినవాళ్ళ పిల్లలు బేస్‌మెంట్‌లోకి దిగుతారని నేను పక్క తలుపు లోపలినుంచి గడియ పెట్టేశాను. ముందు తలుపు కొడితే చుట్టాలు చూస్తారని వాడు కొట్టలేదు. పెరటి తలుపు తీసి ఉందేమోనని వెనక్కి వెళ్ళాడు. ఎవరో ఇళ్ళల్లోకి తొంగి చూస్తున్నాడని వెనక వీధివాళ్ళు ఫోన్ చేశారట. ఇద్దరు పోలీసులు వచ్చారు.

తలుపు తీసింది నేనే. హాల్లో అందరూ కాఫీలు తాగుతున్నారు. మెట్ల కింద జయ్, రెండు చేతులూ ముందుకు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. అంత వానలోనూ టోపీ వేసుకోలేదు.

"ఇతను మీకు తెలుసా?" అని అడిగాడు పోలీసు.

"తెలుసు, కింద అద్దెకుంటాడు" అన్నాను.

"మీరు తన ఆంటీ అంటున్నాడు."

"మా వాళ్ళలో పిల్లలు పెద్ద ఆడవాళ్ళందరినీ ఆంటీ అనే పిలుస్తారు." అని నవ్వాను కూడా.

కాశీవిశ్వనాథం గారు వెనకనుంచి వచ్చి అవును టెనెంటే అన్నారు. ఆయనకి నేను చెప్పిందే ఆయనకి తెలుసు. వాడి ఐడీ కార్డు మీద మాంట్రియల్ అడ్రసుంది. అద్దె కాగితం చూపించమంటే వాడి దగ్గర ఏముంటుంది? రోడ్డు అంచున కూర్చోబెట్టి పాతిక నిమిషాలు ఎవరెవరికో ఫోన్లు చేశారు. నేను తలుపేసి లోపలికెళ్ళి స్వీట్లు పెట్టాను.

ఆ రాత్రి వాడే నా దగ్గరికొచ్చి, "సారీ పెద్దమ్మా, నేను నాలుగింటికి రాకుండా ఉండాల్సింది" అన్నాడు.

సంబంధం ఖాయమైంది. సెప్టెంబరు ఒకటిన నిశ్చితార్థం. అది అవగానే అందరికీ నిజం చెప్పేస్తాను, నీ మీద ఒట్టు. అనన్యకి ఇంకా తెలియదు, ఆ టైంలో అది పైన తయారవుతోంది. ఈ ఒక్క నెలా ఓపిక పట్టు. నా కూతురి కోసం అడుగుతున్నాను.

అక్క


మాంట్రియల్,
ఆగస్టు 14.

అక్కా,

అలా పిలవకూడదనుకున్నాను. ఇంకెలా పిలవాలో తెలియలేదు.

నీ ఉత్తరం రెనాల్డ్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆయనకి ముందే సగం జయ్ చెప్పాడు, నువ్వు ఆంటీవి కాదన్న సంగతి చెప్పలేదు. స్వీట్ల సంగతి వాడికీ తెలియదు. అరుస్తాడనుకున్నాను. చాలాసేపు బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చున్నాడు. "బయటివాళ్ళు నమ్మకపోతే ఏం చేయాలో ఎనిమిదేళ్ళు నేర్పాను. సొంతవాళ్ళు కాదంటే ఏం చేయాలో ఒక్క ఆదివారం కూడా నేర్పలేదు" అన్నాడు. ఆ మనిషి అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ ప్రాక్టీసుల కోసం ఇన్నేళ్ళు ఆయన్ని తప్పుపట్టాను. ఆ వానలో నా కొడుకు చేతులు జేబులో లేకపోవడానికి కారణం ఆయన.

నిన్ను తిడుతూ మూడు పేజీలు రాశాను. జయ్ ముందు నోటితోనూ తిట్టాను. వాడు విని, "అమ్మా, యూ డిడ్ ఇట్ ఫస్ట్" అన్నాడు.

ఏంటన్నాను. చెప్పాడు. ఇక్కడ మన తెలుగువాళ్ళ ఉగాదికి, దీపావళికి నేను ఒక్కదాన్నే పట్టుచీర కట్టుకుని వెళ్తాను. ఎవరైనా అడిగితే ఆయనకి డ్యూటీ, వాడికి పరీక్షలు. వాట్సాప్‌లో నా ఫోటో ముగ్గురం దిగినదే, నేనొక్కదాన్నే ఉండేలా కత్తిరించి పెట్టాను. వాడికి ఏడేళ్ళప్పుడు వస్తానని ఏడిస్తే "అక్కడ నీకు బోర్ కొడుతుందిరా" అన్నానట. నాకు గుర్తే లేదు. అందుకే నువ్వు అద్దెకుండేవాడిలా ఉండమంటే వాడు మారుమాట్లాడకుండా ఓకే అన్నాడు. మన ఇళ్ళల్లో అంతేనేమో అనుకున్నాడు.

ఆ మూడు పేజీలు అందుకే పంపడం లేదు. అలాగని నిన్ను వదిలిపెట్టడమూ లేదు. నేను దాచింది పండగల్లో, నువ్వు దాచింది పోలీసుల ముందు.

ఇప్పుడు రెనాల్డ్ ఏం కనుక్కున్నాడో విను. కేసు లేదు. కానీ వాళ్ళ దగ్గర ఒక నోటు ఉంది. ఈ అబ్బాయి ఇంటావిడ తన బంధువని తప్పుడు మాట చెప్పాడు, ఆవిడ కాదంది, అని. రేపు ఏ పోలీసు ఎక్కడ ఆపి కంప్యూటర్‌లో వాడి పేరు కొట్టినా ముందు అదే కనిపిస్తుందంటాడు రెనాల్డ్. పోలీసుకి అబద్ధం చెప్పే పిల్లాడు. "మీ అక్క సారీ నాకక్కర్లేదు. వెళ్ళి అది మార్పించమను" అన్నాడు. మేము ఫోన్‌లో చెప్తే కుదరదట. ఆ మాట అన్న మనిషే స్వయంగా వెళ్ళి, తను చెప్పిందే అబద్ధమని రాసి ఇవ్వాలి.

నిశ్చితార్థం అయ్యాక కాదు, ముందు వెళ్ళు. నీకు నీ కూతురెంతో నాకు వీడూ అంతే. నువ్వు వెళ్ళకపోతే నాకిక అక్క లేదు. కోపంలో రాస్తున్నాననుకోకు, రెండురోజులు ఆగి రాస్తున్నాను.

రాధిక


బర్నబీ,
ఆగస్టు 26.

రాధీ,

వెళ్ళాను.

నీ ఉత్తరం వచ్చాక మూడురోజులు ఎవరికీ చూపించలేదు. నాలుగోరోజు అనన్యకి చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత, "జయ్ బయట వానలో ఉంటే నేను లోపల పాట పాడానా?" అంది. సాయిచరణ్‌కి నా ప్రమేయం లేకుండా తనే చెప్పేసింది. కాశీవిశ్వనాథం గారికి నేను చెప్పాను. "నా చేత కూడా అబద్ధం చెప్పించావు కదమ్మా" అన్నారు. ఆ పెద్దాయన అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. తను చెప్పిందీ తప్పేనని ఒక ఉత్తరం రాసిచ్చారు.

మీ బావగారు తోడొస్తానన్నారు, వద్దన్నాను. స్టేషన్‌లో ఒక చిన్నవయసు ఆఫీసరమ్మ కూర్చోబెట్టింది. ఇది చెప్తే మీకు ఇబ్బంది రావచ్చు, తెలుసా అంది. తెలుసన్నాను. ఆ అబ్బాయి మీకేమవుతాడు? చెల్లెలి కొడుకు. మరి ఆ రోజు ఎందుకు కాదన్నారు?

ఇంట్లో చుట్టాలున్నారు అన్నాను.

చుట్టాలుంటే చుట్టాన్ని కాదనడం దేనికని అడిగింది. మా అమ్మాయి పెళ్ళి మాటలు అన్నాను. దానికీ దీనికీ ఏంటి సంబంధం అంది. వెటకారం కాదు రాధీ, ఆ పిల్లకి నిజంగానే అర్థం కాలేదు. చేతులు కీబోర్డు మీద పెట్టుకుని ఎదురుచూసింది. తెలుగులో అయితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. మనవాళ్ళయితే నేను చెప్పకుండానే తలూపేవాళ్ళు. అక్కడ ఆ మాట నేనే అనాల్సి వచ్చింది. "వాడు నల్లవాడు కాబట్టి. వాడు మావాడని తెలిస్తే నా కూతుర్ని చేసుకోరని" అన్నాను.

టైప్ చేసి, ప్రింటు తీసి చదువుకోమంది. ఎవరో మరొక మనిషి గురించి రాసినట్టుంది. కింద సంతకం పెట్టాను. పాత నోటుతో పాటు ఇది కూడా ఎప్పటికీ ఉంటుందట, పేరు కొడితే రెండూ కనిపిస్తాయట. పాతది తీసేయమని బతిమాలాను. తీయరట.

సాయిచరణ్ వాళ్ళమ్మ నిశ్చితార్థం ప్రస్తుతానికి వద్దంది. పిల్ల తండ్రి, పిల్ల, అందరూ మంచివాళ్ళే, తల్లే దాచిందని అందరికీ చెప్తోందట. ఉన్నమాటే. ఆ అబ్బాయి మాత్రం అనన్యకి రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఏమవుతుందో నాకు తెలియదు. అనన్య గది తలుపు వేసుకుని ఉంటోంది, వెళ్ళి పలకరించే మొహం నాకు లేదు.

కాపీ దీంతో పంపుతున్నాను. మరిదిగారికి ఇవ్వు. జయ్‌కి ఇవ్వాలో వద్దో ఆయన్నే నిర్ణయించమను. వాడికి విడిగా ఉత్తరం రాయాలని కూర్చున్నాను. పేరు దాటి ముందుకు సాగలేదు.

అక్క


మాంట్రియల్,
సెప్టెంబరు 5.

అక్కా,

అందింది.

ముందు వేరే మాట చెప్తాను. శనివారం ఇక్కడ మనవాళ్ళ చవితి పూజకి ముగ్గురి పేర్లూ ఇచ్చాను. రెనాల్డ్ సెలవు పెట్టాడు. జయ్ ఇంకా ఏమీ అనలేదు. రమ్మని బలవంతపెట్టే హక్కు నాకు లేదు.

కాపీ రెనాల్డ్‌కి ఇచ్చాను. నిలబడే చదివాడు. వాడికి చూపించొద్దు, ఆ ఒక్క మాట వాడి కంట పడకూడదు అన్నాను నేను. ఆయన వినలేదు. జయ్‌ని పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టి, పైకి చదవమన్నాడు. వాడు చదివాడు. ఆ రోజు తేదీ, టైము, నీ పేరు, తన పేరు. ఎందుకు కాదన్నారు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"చదువు" అన్నాడు రెనాల్డ్. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది.

"డాడ్, నాకు తెలుసు అక్కడ ఏముందో."

"నీకు తెలిసింది వేరు. చదువు."

చదివాడు. చివరిదాకా చదివాడు. రెనాల్డ్ కాగితం తీసుకుని, నీ సంతకం మీద వేలుపెట్టి వాడికి చూపించాడు.

"నెల రోజులుగా నువ్వు నాలుగింటికి ఎందుకెళ్ళానా, వెనక్కి ఎందుకెళ్ళానా అని తవ్వుకుంటున్నావు. పక్కగదిలోంచి నాకు వినిపిస్తోంది. ఇందులో ఎక్కడైనా నాలుగింటి గురించి ఉందా? ఆవిడ చేసింది ఆవిడే రాసి సంతకం పెట్టింది. నువ్వు ఏ తప్పూ చేయలేదు. నేను నేర్పినవన్నీ చేశావు. ఏ తప్పూ చేయలేదు."

అప్పుడు ఏడ్చాడక్కా మన జయ్. ఆరడుగుల పిల్లాడు బల్ల మీద తలపెట్టి, గొంతు పెంచి, ఇంటి బయటికి వినిపించేలా ఏడ్చాడు. రెనాల్డ్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించమని అనలేదు.

రాధిక